పద్దులో ఉన్న డబ్బు, పెట్టెలో లేని డబ్బు

ఊరి వ్యాపారం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిని ఎంచుకున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు. ఐదుగురివీ ఐదు రకాల వ్యాపారాలే అయినా, ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టుకుని చదివితే అన్నిటిలోనూ ఒకటే ఇబ్బంది కనిపించింది. వీరిలో ఎవరి సరుకూ చెడ్డది కాదు, ఎవరి బేరమూ పూర్తిగా పోలేదు, కానీ రావలసిన డబ్బు రావలసిన రోజుకు రావడం లేదు. గ్రామీణ బ్యాంకు శాఖల్లో ముప్పై ఏళ్లు పనిచేసిన కాలంలో నా కళ్ల ముందు మూతపడిన కొట్లు, కుటీర పరిశ్రమలు చాలావరకు ఇలాగే మూతపడ్డాయి. అందుకే ఈసారి జవాబులన్నీ ఆ వైపు నుంచే ఇస్తున్నాను.

ప్రశ్న: పల్నాడు జిల్లాలో మిర్చి పండించే ఒక ఊళ్ళో ఇరవై రెండేళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. రోజుకు సుమారు ఆరు వేల రూపాయల బేరం ఉంటుంది. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయినప్పటి నుంచి ఖాతాల వాళ్ళు సరిగా కట్టడం లేదు. పుస్తకంలో 3 లక్షల 40 వేల రూపాయలు నిలిచిపోయాయి. సరుకు తెచ్చుకోవడానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి అంత మొత్తమూ అప్పు తెచ్చాను. నరసరావుపేటలో సరుకు పోసే హోల్‌సేల్ వ్యాపారి పాత బాకీ తీరిస్తేనే కొత్త లోడు పంపుతానంటున్నాడు. అరువు పూర్తిగా ఆపేసి ‘అరువు రేపు’ అని బోర్డు పెట్టమని మా అబ్బాయి గొడవ చేస్తున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: బోర్డు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక చిన్న లెక్క వేయండి. ఆరు వేల బేరం మీద నూటికి పది మిగులుతుందనుకుంటే నెలకు 18,000 రూపాయలు. 3 లక్షల 40 వేలకు నూటికి రెండు చొప్పున వడ్డీ నెలకు 6,800 రూపాయలు. అంటే మీరు తెల్లవారి తలుపు తీసింది మొదలు రాత్రి షట్టరు దించేదాకా నిలబడి సంపాదించిన దానిలో మూడో వంతుకు పైగా, ఊళ్ళో వాళ్ళు ఎప్పుడో వండుకుని తినేసిన బియ్యం, పప్పు, నూనెల మీద వడ్డీకి పోతోంది. మీ ఉత్తరంలో బేరం తగ్గిందని ఎక్కడా లేదు. కొట్టుకు పెట్టిన పెట్టుబడి కొట్టులో లేదు, అదీ మీ కష్టం.

ఇక బోర్డు. అది పెట్టవద్దనే నా సలహా. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు నేను ఒక చిన్న ఊరి శాఖలో ఉన్నాను. దేశంలో చలామణిలో ఉన్న నగదు విలువలో 86 శాతం దాకా ఆ రెండు నోట్లదే. పదో తేదీన శాఖ తెరిచేసరికి జనం వీధి మలుపు దాకా నిలబడ్డారు. మనిషికి 4,000 రూపాయలకు మించి పాత నోట్లు మార్చే వీలు లేదు, ఆ మార్చేదానికి కూడా చేతిలో పెట్టేది చాలావరకు కొత్త 2,000 నోటే. ఆ నోటు పట్టుకుని కొట్టుకు వెళ్లి ఎనభై రూపాయల సరుకు అడిగితే చిల్లర ఎవరిస్తారు? మా శాఖ ఎదురుగా కిరాణా కొట్టు నడిపే పెద్దాయన ఆ నోటును తిరిగి మనిషి చేతిలోనే పెట్టి, పుస్తకం తీసి, ఎనభై అని రాసుకుని సరుకు ఇచ్చి పంపేవాడు. పాత నోట్లు జమ చేయడానికి ఇచ్చిన గడువు డిసెంబరు 30 దాకా ఆ ఊరికి పూట గడిచింది మా బ్యాంకు వల్ల అని నేను చెప్పలేను, చాలావరకు ఆ పుస్తకం వల్ల గడిచింది. ఇంకో వింత కూడా చూశాను. ఏళ్ల తరబడి ముఖం చాటేసిన బాకీదార్లు కొందరు ఆ వారంలోనే పాత నోట్ల కట్టలతో ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి బాకీ తీర్చి వెళ్లారు. వాటిని తీసుకోవచ్చా అని ఆయన నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.

టౌన్లో ఉన్న సూపర్ మార్కెట్ ఇవ్వలేనిది, మీరు ఇవ్వగలిగినది ఈ అరువు ఒక్కటే. అది తీసేస్తే మీ కొట్టుకూ దానికీ మిగిలే తేడా ధర మాత్రమే, ధరలో మీరు దానితో పోటీ పడలేరు. అయితే ఆ పెద్దాయన పుస్తకానికీ మీ పుస్తకానికీ ఒక తేడా ఉంది. ఆయన ప్రతి ఖాతా పేజీ పైన ఆ ఇంటికి ఇవ్వగల గరిష్ఠ మొత్తం పెన్సిలుతో రాసుకునేవాడు. వారం కూలి తెచ్చుకునే ఇంటికి పదిహేను వందలు, రెండెకరాల రైతుకు ఆరు వేలు, ఇలా ఉండేది. పెన్సిలుతో ఎందుకంటే, మనిషిని బట్టి, పంటను బట్టి ఆ అంకె మారుతుంది. ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి ఆయన ఏమీ అనేవాడు కాదు, పేజీ తిప్పి చూపించేవాడు, అంతే.

ఇప్పుడు మీరు ఒక ఆదివారం మధ్యాహ్నం మీ పుస్తకం పట్టుకుని కూర్చోండి, పక్కన మీ అబ్బాయిని కూడా కూర్చోబెట్టుకోండి. కట్టనివాళ్ళంతా ఒకే రకం అనుకోవడం వల్లనే మీకు దిక్కు తోచడం లేదు. కూలి పనికి వెళ్లే ఇళ్ల బాకీలు ఒక్కొక్కటి చిన్నవే గనుక, కూలి చేతికొచ్చే రోజున వారానికి వంద, నూటయాభై చొప్పున అడిగితే వసూలవుతాయి, నెలలు పోగేసి ఒకేసారి అడిగితే కావు. పంటను గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం చూస్తున్న రైతులు వేరే రకం. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించినా, అంతకు ముందు ఏళ్లలో చూసిన ధరలు కళ్ల ముందు ఉండగా చాలామందికి అమ్మబుద్ధి కాలేదు. వీళ్ళ దగ్గర సరుకు ఉంది, రొక్కం లేదు, అచ్చం మీ పరిస్థితే. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్మినప్పుడు మీకు ఎంత ఇస్తారో మాట తీసుకుని, ఆ మాటను తేదీతో సహా పద్దు కింద రాసి సంతకం చేయించుకోండి. కష్టమంతా మూడో రకం వారితోనే. కౌలుకు చేసి, ఎరువుల కొట్టులోనూ మీ కొట్టులోనూ తలకు మించి బాకీ పడిన ఇళ్లు అవి. ఆ డబ్బు ఈ ఏడాది రాదని ముందుగానే ఒప్పుకోండి. పాత పద్దు కింద ఒక గీత గీసి, మొత్తం వేసి, సంతకం చేయించుకుని, ఆ రోజు నుంచి ఆ ఇంటికి నగదు బేరమే పెట్టుకోండి. ఉప్పూ పప్పూ ఇవ్వనని మాత్రం అనకండి, నగదుకు వచ్చేవారిని కూడా పోగొట్టుకుంటారు.

సంతకం అని పదేపదే ఎందుకు అంటున్నానంటే, ప్రామిసరీ నోటుకు మూడేళ్ల గడువు అని ఊళ్ళో అందరికీ తెలుసు గానీ, అరువుకు ఇచ్చిన సరుకు బాకీకి కూడా చట్టం ఇచ్చే గడువు మూడేళ్లే అని చాలామందికి తెలియదు. ఆ గడువు దాటకముందే బాకీదారు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే, ఆ సంతకం రోజు నుంచి మళ్ళీ మూడేళ్లు వస్తాయి. మీరు కోర్టుకు వెళ్లరని నాకు తెలుసు, వెళ్లమని చెప్పను కూడా. కానీ ఏటా ఉగాదికి పద్దులు చూసి సంతకాలు పెట్టించే కొట్టుకు, నోటిమాట మీద నడిచే కొట్టుకు వసూళ్లలో తేడా నేను చూశాను.

హోల్‌సేల్ వ్యాపారి విషయంలో మీరు భయపడుతున్నంత ఏమీ లేదు. ఆయనకూ మీరు ఖాతాదారే, మీ మీద కోపంతో మిమ్మల్ని వదులుకుంటే ఆయన పాత బాకీ మునుగుతుంది. కొత్త లోడుకు రొక్కం, దానితో పాటు ప్రతి లోడుకూ పాత బాకీ కింద రెండు వేలు అని మీరే ముందుగా వెళ్లి అడగండి. లోడు కూడా చిన్నది చేయండి. నెల సరుకు బదులు పది రోజుల సరుకు తెస్తే ఆటో ఖర్చు పెరుగుతుంది గానీ, అల్మరాలో ఇరుక్కున్న డబ్బు బయటికి వస్తుంది. పది పెట్టెలు తీసుకుంటే ఒకటి ఉచితం అనే స్కీముల జోలికి ఈ ఏడాదికి వెళ్లవద్దు. ఇక నూటికి రెండు రూపాయల అప్పు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఈ అప్పు తీర్చేయండి, వడ్డీ ఇప్పుడు కట్టే దానిలో సగం కూడా పడదు. బంగారం పెట్టడం ఇష్టం లేకపోతే, ముద్ర పథకంలో కిశోర్ విభాగం కింద 5 లక్షల దాకా హామీ లేకుండా ఇచ్చే అప్పుకు మీ శాఖలో దరఖాస్తు చేయండి. అక్కడ అడిగేది మీ బేరం లెక్కలే. రోజు అమ్మకం రాసే అలవాటు లేకపోతే ఈ రోజే మొదలుపెట్టండి.

ప్రశ్న: మాది కోనసీమ. ఆరుగురం ఆడవాళ్ళం కలిసి పచ్చళ్ల వ్యాపారం చేస్తున్నాం. ఏటా వేసవిలో 400 కిలోల ఆవకాయ పెడతాం. కిలోకు మాకు 260 రూపాయలు పడుతుంది, 450కి అమ్ముతాం. అందులో మూడో వంతు అమెరికాలో ఉన్న మనవాళ్ళకు పార్సిళ్ల మీద వెళ్ళేది. 2025 ఆగస్టులో పార్సిళ్లు ఆగిపోయేసరికి మా లెక్క తప్పింది. తిరిగి మొదలయ్యాక కూడా ఖర్చులు చూసి అడిగేవాళ్ళు తగ్గారు. ఈసారి నూనె తగ్గించి ఖర్చు అదుపు చేద్దామని కొందరంటున్నారు. లాభం పంచుకోవడం ఆపాలా, సరుకు తగ్గించాలా?

జవాబు: నూనె మాట ముందు తేల్చేద్దాం. మూడో రోజు జాడీ మూత తీసి తిరగ కలిపినప్పుడు ముక్క మీద నూనె తేలాలని, తేలకపోతే ఇంకాస్త పప్పునూనె పోయాలని మీకు నేను చెప్పాలా? నూనె తక్కువైన ఆవకాయ శ్రావణం దాటకుండానే పైన బూజు కడుతుంది. పోయేది ఆ జాడీ ఒక్కటే అయితే బాధ లేదు, మీ చేతి పచ్చడి మీద పదేళ్లుగా ఉన్న నమ్మకం కూడా దానితోనే పోతుంది. ధర పెంచవలసి వస్తే పెంచండి, లేదా అరకిలో సీసా కూడా పెట్టండి, పచ్చడిని మాత్రం ముట్టుకోవద్దు.

ఇప్పుడు మీ లెక్క. 400 కిలోలకు పెట్టుబడి 1 లక్షా 4 వేలు. అదంతా ఏప్రిల్, మే నెలల్లో ఒక్కసారే చేతి నుంచి వెళ్లిపోతుంది. రాబడి మాత్రం పన్నెండు నెలలు కొద్దికొద్దిగా వస్తుంది. కిలో 450 చొప్పున పెట్టుబడి తిరిగి రావాలంటే 231 కిలోలు అమ్ముడుపోవాలి. నెలకు 33 కిలోల చొప్పున జూన్ నుంచి అమ్మితే అది డిసెంబరు చివరి మాట. అంతకు ముందు పెట్టెలో కనిపించే డబ్బు లాభం కాదు, వచ్చే ఏటి మామిడికాయకు, కారానికి, ఆవపిండికి దాచవలసిన డబ్బు. మీరు ఆగస్టులోనే లాభం పంచుకుంటూ వచ్చారని మీ ఉత్తరంలో వేరేచోట రాశారు. పార్సిళ్లు ఆగిన నెలలో మీకు చేతులాడకపోవడానికి కారణం అమెరికా ఒక్కటే అనుకోవద్దు. పంపకాన్ని సంక్రాంతి తర్వాతికి మార్చుకోండి, నెలనెలా ఎవరి పని కూలి వారు తీసుకోండి. కూలి వేరు, లాభం వేరు అని పుస్తకంలో రెండు పేజీలు ఉంటే ఆరుగురి మధ్య మాటా మాటా రాదు.

అమెరికా సంగతికి వస్తే, 800 డాలర్లలోపు పార్సిళ్లకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. దానికి నాలుగు రోజుల ముందే మన తపాలా శాఖ బుకింగులు ఆపేసి, అక్టోబరు 15న మళ్ళీ మొదలుపెట్టింది. ఈ రెండు నెలల్లో మీ తప్పేమీ లేదు, కోనసీమలో కూర్చుని వాషింగ్టన్‌లో ఏం చేస్తారో ఎవరు ఊహించగలరు? కానీ మూడో వంతు సరుకు ఒక్క దారిన వెళ్తున్నప్పుడు, ఆ దారి మూసుకుంటే ఎన్ని నెలలు ఆగగలం అన్న ప్రశ్న మాత్రం మనం వేసుకోవలసిందే. విదేశాల వాళ్ళ నుంచి మార్చిలోనే సగం సొమ్ము ముందుగా తీసుకుని, అంత సరుకే వారి కోసం పెట్టండి. ముందు డబ్బిచ్చి ఆవకాయ పెట్టించుకోవడం మన ఊళ్ళలో కొత్తేమీ కాదు. రెండోది, త్వరగా తిరిగే సరుకు ఒకటి ఉండాలి. కందిపొడి, కరివేపాకు కారం, నల్లకారం వంటివి సోమవారం దంచితే శనివారానికి డబ్బు చేతికొస్తుంది. మిగులు తక్కువే అయినా, జాడీల్లో డబ్బు నిద్రపోతున్న నెలల్లో కరెంటు బిల్లు, సీసాల ఖర్చు ఈ పొడులే మోస్తాయి. చలికాలంలో ఉసిరికాయ, పండుమిరపకాయ ఎలాగూ ఉన్నాయి. వేసవి పెట్టుబడికి అప్పు కావాలంటే మీ సంఘం ద్వారా, మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధిని అడగండి. వారం వారం ఇంటికొచ్చి వసూలు చేసే కంపెనీల దగ్గర, ఏడాదికి ఒకసారి పండే మీ వ్యాపారానికి తీసుకోవద్దు. వారం కిస్తీకీ ఆవకాయకూ పొత్తు కుదరదు. 2010 అక్టోబరులో మన రాష్ట్రం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చే పరిస్థితి వచ్చినప్పుడు, ఒకే ఇంట్లో మూడు నాలుగు కంపెనీల పాసుపుస్తకాలు చూసినవాడిని కాబట్టి చెబుతున్నాను.

సరుకు ఎంత పెట్టాలి అంటే, ముందు డబ్బు వచ్చినంత, దానికి తోడు స్థానికంగా నిరుడు నిజంగా అమ్మినంత.

ప్రశ్న: నాకు మండల కేంద్రంలో టెంట్ హౌస్ ఉంది. 2020 లాక్‌డౌన్‌లో బ్యాంకు అప్పు వాయిదాలు ఆరు నెలలు కట్టనవసరం లేదన్నారు. కట్టలేదు. తర్వాత చూస్తే అప్పు పెరిగి ఉంది. మోసపోయానా? ఇంకోసారి అలాంటి అవకాశం వస్తే తీసుకోవచ్చా?

జవాబు: మోసం కాదు, మాట సరిగా అందలేదు. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు మొదట మూడు నెలలకు ఇచ్చి, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించిన ఆ వెసులుబాటు వాయిదాకే గానీ వడ్డీకి కాదు. మీ అప్పు 3 లక్షలు అనుకుంటే, 12 శాతం చొప్పున నెలకు 3,000, ఆరు నెలలకు 18,000 రూపాయలు అసలులో కలిసి ఉంటుంది. వడ్డీ మీద పడిన వడ్డీని మాత్రం ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వం తిరిగి ఖాతాల్లో వేయించింది, మీ పాసుపుస్తకంలో ఒక చిన్న జమ కనిపిస్తుంది చూడండి.

అయినా మీరు చేసింది సరైన పనే. మార్చి 25న లాక్‌డౌన్ మొదలై పెళ్లిళ్ల కాలమంతా ఊడ్చుకుపోయింది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు గోడౌన్లో ఉండి రూపాయి తేని నెలల్లో, చేతిలో ఉన్న నాలుగు రూపాయలు వాయిదాకు కట్టి, ఇంటి ఖర్చుకు నూటికి మూడు రూపాయల అప్పు తెచ్చి ఉంటే ఇంతకంటే పెద్ద గుంటలో పడేవారు. ఖరీదు తెలిసి తీసుకోవలసిన మందు అది. ఇంకోసారి వస్తే, రాబడి నిజంగా ఆగిన నెలలకే తీసుకోండి, వీలైన నెలలో కనీసం వడ్డీ భాగం కట్టండి.

ప్రశ్న: సిరిసిల్లలో ఎనిమిది సాంచాలు (మరమగ్గాలు) పెట్టుకుని, యజమాని ఇచ్చే నూలుతో కూలికి గుడ్డ నేసి ఇచ్చే ఆసామిని. సర్కారు బతుకమ్మ చీరల ఆర్డరు ఉన్నన్నాళ్లు చేతినిండా పని ఉండేది. 2024లో అది ఆగినప్పుడు సాంచాలు నెలలు నెలలు బంద్ పెట్టిన. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది. మళ్ళీ ఎప్పుడు ఆగుతుందో తెలియదు. బ్యాంకు వాయిదాలు రెండు తప్పినయి. నాలుగు సాంచాలు అమ్మేయాలని ఉన్నది. మంచిదేనా?

జవాబు: ఆగిపోయిన కాలంలో అమ్మితే సాంచకు వచ్చేది ఇనుము తూకం ధరే. పని ఉన్నప్పుడు అదే సాంచ మళ్ళీ కొనాలంటే అది మీకు దొరకదు. కాబట్టి అమ్మకం మాట చివరికి ఉంచండి.

ముందు బ్యాంకుకు వెళ్లండి. రెండు వాయిదాలే తప్పాయి కాబట్టి ఇంకా సమయం ఉంది. బాకీ 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీల పట్టికలోకి పోతుంది, అప్పుడు మేనేజరుకు మీకు సాయం చేయాలని ఉన్నా చేతులు కట్టేసినట్టే. అది దాటకముందు వెళ్లి, ఆర్డరు ఆగిన తేదీలు, కరెంటు బిల్లులు చూపించి వాయిదా చిన్నది చేసి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి. ఇబ్బందుల్లో పడిన చిన్న పరిశ్రమల అప్పులను ముందుగానే సరిచేయాలని రిజర్వు బ్యాంకు 2016లోనే ఒక పద్ధతి పెట్టింది. బ్యాంకు మనిషి మీ ఇంటికి రాకముందే మీరు బ్యాంకుకు వెళ్లడం వల్ల ఎంత మేలో, కౌంటరుకు అవతల కూర్చున్నవాడిగా చెబుతున్నాను.

ఇక ఆర్డరు సంగతి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల పని ఏటా కోటి దాకా చీరలతో సిరిసిల్లకు కొన్నేళ్లు ఊపిరి పోసింది, దాన్ని తప్పుపట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. అంతకు ముందు ఆ ఊళ్ళో జరిగిన ఆత్మహత్యల గురించి పత్రికల్లో చదివినవాళ్ళెవరూ దాన్ని తేలిగ్గా తీసిపారేయలేరు. కానీ దానితో ఒక నష్టమూ జరిగింది. సిరిసిల్ల తనకు తానుగా నేసి అమ్ముకునే పాలిస్టర్ గుడ్డ, లంగాల గుడ్డ బేరాన్ని చాలామంది పక్కన పెట్టారు. ఆర్డరు ఉన్నప్పుడు మీటరుకు ఎక్కువ కూలి వస్తుంటే తక్కువ కూలికి ప్రైవేటు గుడ్డ నేయమని ఎవరు చెప్పినా వినేవారు కాదు, అది సహజమే. ఆర్డరు ఆగేసరికి పాత వ్యాపారులు సూరత్, భివండీ గుడ్డకు అలవాటు పడి ఉన్నారు. తెగిన పోగును అతకడం మీకు క్షణం పని, తెగిన బేరాన్ని అతకడానికి ఏళ్లు పడుతుంది.

అందుకని ఆర్డరు నడుస్తున్నప్పుడే, ఎనిమిది సాంచాల్లో రెండో మూడో ఎప్పుడూ ప్రైవేటు గుడ్డ మీదే ఉండనివ్వండి. కూలి తక్కువే వస్తుంది. ఆ తక్కువను నష్టం అనుకోకుండా, ఆర్డరు లేని నెలలకు ముందుగా కట్టే బీమా అనుకోండి. ఆ రెండు సాంచాలు ఒక కార్మికుడికి ఏడాది పొడుగునా పని చూపిస్తాయి. మంచి కార్మికుడు భివండీకి వెళ్లిపోతే ఆర్డరు వచ్చిన రోజున సాంచాలున్నా నడిపే చేయి ఉండదని మీకు నాకంటే బాగా తెలుసు.

మీ అసలు ఇరకాటం మాత్రం వేరే చోట ఉందని నా అనుమానం. కార్మికుడికి మీరు వారం వారం ఇవ్వాలి, కరెంటు బిల్లు నెలకు కట్టాలి, మీ కూలి మాత్రం యజమానికి బిల్లు వచ్చినప్పుడే వస్తుంది. ఎక్కడో ఆగిన బిల్లు భారం చివరికి ఆసామి మీద పడుతుంది. 2006 నాటి చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ కలపాలి. దానికి చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన ‘ఉద్యమ్’ నమోదు కావాలి, అది పూర్తిగా ఉచితం, వెయ్యి రూపాయలు ఇస్తే చేయిస్తామనేవాళ్ళను నమ్మవద్దు. పని చేసి ఇవ్వకముందే నమోదై ఉంటేనే మీ మాట నిలుస్తుంది. రేపు ముఖం చూసి పని అడగవలసిన యజమాని మీద ఫిర్యాదు ఎలా చేస్తామంటారా? ఒంటరిగా చేయలేరు, నిజమే. పదిమంది ఆసాములు ఒక్కటై, బీములు (పడుగు నూలు చుట్టిన దిమ్మెలు) ఎత్తే ముందే ఎన్ని రోజుల్లో కూలి ఇస్తారో కాగితం మీద రాయించుకోవడం సాధ్యమే. ఆ కాగితంలో సగం కూలి బట్ట అప్పగించిన రోజునే అని ఒక ముక్క ఉంటే, మీ రెండు వాయిదాలు తప్పి ఉండేవి కావు.

ఇవన్నీ చేశాక కూడా ఎనిమిదీ నడవకపోతే, అప్పు లేని పాత సాంచాలు ఉంచుకుని, అప్పు ఉన్నవాటి లెక్క బ్యాంకుతో కూర్చుని తేల్చుకోండి.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల పట్టుబడులకు ఐస్ బండి తిప్పుతున్నాను. ఫైనాన్సు మీద రెండో బండి కొందామనుకుంటున్నాను. సుంకాల గొడవ తర్వాత బేరం ఒక వారం ఉంటోంది, ఒక వారం ఉండటం లేదు. కొనమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దు. మన రొయ్యలకు అన్నిటికంటే పెద్ద మార్కెట్ అమెరికాయే. 2025 ఆగస్టు 27 నుంచి అక్కడ సుంకం 50 శాతానికి పెరిగేసరికి, ఆ ప్రభావం ఓడరేవు దగ్గర ఆగకుండా చెరువు గట్టు దాకా వచ్చింది. అమెరికాకు వెళ్లే పెద్ద సైజు రొయ్యల ధర పడితే రైతు పట్టుబడి ముందుకో వెనక్కో జరుపుతాడు, మీ బండికి వారం ఉండి వారం లేకపోవడం అందువల్లే. బండి వాయిదా మాత్రం వారం చూసుకుని రాదు, నెల తిరిగేసరికి వచ్చి నిలబడుతుంది.

రైతు రొయ్యల డబ్బు వచ్చాక ఇస్తానంటే, మీరు కిరాయి నెలల తరబడి నిలిపి ఉంచుతున్నారా? ఉంటే ముందు అది వసూలు చేయండి, రెండో బండికి కావలసిన ముందస్తు సొమ్ము అక్కడే ఉండవచ్చు. ఈ సీజను అంతా మీ బండి చాలని రోజున పక్క ఊరి బండి అద్దెకు పెట్టి నడపండి. అలా అద్దెకు తీసుకున్న ప్రతి రోజునూ గోడమీది క్యాలెండరులో సున్నా చుట్టండి. ఏడాది తిరిగాక ఆ సున్నాలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి నాకు మళ్ళీ రాయండి, బండి సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.